గాలిని వెనక్కి తోయరాదు

మా ప్రభుత్వ వైమానిక శిక్షణ కేంద్రంలో విమానం ఒక్కటే. సిబ్బంది మాత్రం చాలామందిమి. ఒక్క విమానానికి ఇంతమందా అని బయటివాళ్ళు నోరెళ్ళబెడుతుంటారు. ఎగిరే వస్తువుని నేలమీద ఉంచడం ఎంత పనో వాళ్ళకేం తెలుసు! నేను ఆ కేంద్రంలో ఆఫీసు సూపరింటెండెంటుని. పేరు పానకాలరావు. విమానం ఎలా ఎగురుతుందో నాకు తెలియనక్కర్లేదని, ఎవరు సంతకం పెడితే ఎగురుతుందో తెలిస్తే చాలని చేరిన రోజే చెప్పారు. ఆ సంగతి నాకు క్షుణ్ణంగా తెలుసు.

మా రన్‌వే సముద్రానికి దగ్గర్లో ఉంది. ఎప్పుడో యుద్ధకాలంలో ఎవరో వేసి వదిలేసి వెళ్ళారు. అప్పటినుంచీ చుట్టుపక్కల రైతులు దానిమీద మిరపకాయలు ఎండబోసుకుంటున్నారు. సిమెంటు నేల కాగి కాగి ఉంటుంది కనక కాయ గలగలలాడుతూ ఎండుతుంది. విమానం వచ్చాక, ఇక్కడ పొయ్యొద్దయ్యా అని చెప్పి చూశాం. "మీ ఇమానం ఎప్పుడు ఎగిరిద్దో చెప్పండి బాబూ, ఆ పొద్దుకి ఎత్తేత్తాం," అన్నారు. ఆ తేదీ ఏనాడూ మాకే సరిగ్గా తెలిసేది కాదు, అందుకని ఊరుకున్నాం.

ఇక్కడ చదువుకునే పిల్లల్లో కొక్కిలిగడ్డ నాంచారి ఒకతి. తండ్రి సముద్రం మీద వేటకి పోతాడు. ప్రభుత్వం వాళ్ళిచ్చిన సీటు మీద వచ్చింది. కెప్టెన్ దైవసహాయం గారని, వైమానిక దళంలో పనిచేసి వచ్చిన శిక్షకుడు, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసార్లు ఎగిరారు. ఇక ఆమె ఒక్కతే ఎగరవలసిన దశ వచ్చింది. అది పూర్తిచేసి, బయటినుంచి వచ్చే పరీక్షాధికారి ముందు నెగ్గితే ఆమె పైలట్. మార్చి నెలాఖరులోగా అది జరక్కపోతే సీటు మురిగిపోతుంది. మళ్ళీ ఇవ్వరు.

పిల్లలు ఒంటరిగా ఎగిరే దశ మొదలవుతోందని తెలిసేసరికి మా కమిషనర్ చక్రధరం గారు దానికి ప్రారంభోత్సవం ఉండాలన్నారు. ఆయన ప్రారంభించకుండా మా శాఖలో ఏదీ మొదలుకాదు. ఆయన ప్రారంభించాక కొన్ని ఆగిపోతాయి, అది వేరే విషయం.

ఆయన వెంట ఎప్పుడూ ఒక వాస్తు సిద్ధాంతి ఉంటాడు. వేదిక మీద పెద్దలు తూర్పుముఖంగా కూర్చోవాలన్నాడు సిద్ధాంతి. బాగానే ఉంది. తొలి ప్రయాణం కనక విమానం ముక్కు కూడా తూర్పుకే ఉండాలన్నాడు. ఇద్దరూ తూర్పుకే తిరిగితే ఒకరు ఇంకొకరి వెనక ఉండక తప్పదు కదా. విమానాన్ని వేదిక వెనక పెడితే పెద్దలకి కనపడదు. అందుకని వేదికనే విమానం వెనక వేశారు. పెద్దలందరూ దాని తోకని చూస్తూ కూర్చునే ఏర్పాటన్నమాట.

కెప్టెన్ గారు అది చూసి కంగారుపడ్డారు. "సార్, ఇంజను వేస్తే గాలంతా సరిగ్గా మీ మొహాల మీదికే కొడుతుంది. విమానాన్ని కాస్త పక్కకి తిప్పుదాం," అన్నారు.

"కెప్టెన్ గారూ, ఆకాశంలో దిక్కులు మీరు చూసుకోండి. నేలమీద దిక్కులు మేం చూసుకుంటాం," అన్నారు కమిషనర్ గారు.

ఆ రోజు పొద్దున్నే తివాచీ కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. విమానానికీ వేదికకీ మధ్య మిరపకాయలు ఎండుతున్నాయి. రైతులు హడావిడిగా కాయలు ఎత్తుకుపోయారు గానీ గింజలు, తాలు, పొడి అక్కడే మిగిలాయి. చీపురు పట్టి ఊడ్చి అవతల పొయ్యడానికి టైము లేదని, ఊడ్చిందంతా ఎర్ర తివాచీ కిందికే నెట్టారు. ఎర్రటిది ఎర్రటి దాని కింద దాగింది కాబట్టి ఎవరి కంటా పడలేదు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. ప్రొపెల్లరుకి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి బంతిపూల దండ వేశారు. కెప్టెన్ గారు దండ తీసేశారు, పంతులు గారు చిన్నబుచ్చుకున్నారు. నాంచారి లోపల కూర్చుంది. కమిషనర్ గారు ఆకాశంలో ఆడపిల్ల అనే అంశం మీద రాయించుకున్న ఉపన్యాసం చేతబట్టుకుని నిలబడి, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

ప్రొపెల్లరు ఒకసారి అటూ ఇటూ తడబడి, తర్వాత కనపడకుండా పోయింది. అది కనపడకపోతే తిరుగుతున్నట్టు లెక్క. మరుక్షణంలో తివాచీ కొస లేచింది. కొస వెనకాల తివాచీ మొత్తం లేచింది. దానికింద ఉన్నదంతా లేచి తిన్నగా వేదిక మీదికి వెళ్ళింది.

అక్కడ ఏం జరిగిందో వర్ణించడానికి నాకు నియమావళి ఒప్పుకోదు. పెద్దలు తుమ్మారు. దగ్గారు. కమిషనర్ గారి ఉపన్యాసం కాగితం కాగితంగా విడిపోయి జొన్నచేలోకి వెళ్ళిపోయింది. మైకులో ఆయన "నాకు... ఈ క్షణంలో... నోట మాట..." అనడం మాత్రం అందరికీ వినపడింది. కళ్ళనుంచి ధారలు కారుతున్నాయి. మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. "మత్స్యకార బాలికకు రెక్కలు: కమిషనర్ కంట ఆనందబాష్పాలు" అని కింద రాశారు. ఆయన ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించుకున్నారు. అయినా గాలిని మాత్రం క్షమించలేదు. ఆ రోజే విమానం కదలకముందు ఇంజను ఆపించారు. ఇక విచారణకి ఆదేశించి, అది తేలేదాకా విమానం ఎగరకూడదన్నారు.

విచారణలో తివాచీ కాంట్రాక్టరు తప్పు మిరపకాయలదన్నాడు. రైతులు తప్పు గాలిదన్నారు. రైతులకి సంఘం ఉంది. కాంట్రాక్టరుకి పెద్దచోట బావమరిది ఉన్నాడు. గాలికి వెనకాముందూ ఎవరూ లేరు. కాబట్టి నేరం దానిమీదే నిలిచింది. ఆ గాలి ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పమని కెప్టెన్ గారిని పిలిపించారు. నాంచారి కూడా వెంట వచ్చింది.

"సార్, ప్రొపెల్లరు రెక్క బల్లచెక్కలా తిన్నగా ఉండదు," అని ఓపిగ్గా మొదలుపెట్టారు కెప్టెన్ గారు. "కాస్త మెలితిరిగి ఉంటుంది. విమానం రెక్కలాంటిదే అది కూడా. ఇంజను దాన్ని గిరగిరా తిప్పుతుంది. అప్పుడది ముందున్న గాలిని అందుకుని వెనక్కి తోస్తుంది. అది గాలిని ఎంత గట్టిగా వెనక్కి తోస్తే, గాలి దాన్ని అంత గట్టిగా ముందుకి తోస్తుంది. ప్రొపెల్లరుతోపాటు విమానం ముందుకి పోతుంది. కారులో లాగా ఇంజను చక్రాల్ని తిప్పదు సార్. చక్రాలు ఊరికే దొర్లుతాయంతే."

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అంటే ఒక ప్రభుత్వ వాహనం తాను ముందుకి పోవడం కోసం, తన దారిన తానున్న గాలిని వెనక్కి నెడుతోందన్నమాట."

"అవును సార్."

"ఎంత గాలిని?"

"అందినంతా సార్."

"దానికి అనుమతి ఎవరిచ్చారు?"

కెప్టెన్ గారు నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను. ఫైల్లో అలాంటి కాగితం లేదు.

నాంచారి ఉండబట్టలేక నోరు విప్పింది. "అయ్యా, మా నాన్న తెడ్డేస్తే నీళ్ళు ఎనక్కి పోతయ్యండి. అప్పుడే పడవ ముందుకు పోద్ది. నీళ్ళని తొయ్యకుండా పడవెట్టా పోద్దండి?"

"అది ప్రైవేటు పడవమ్మా," అన్నారు కమిషనర్ గారు, దయగా.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అంత చక్కని ఉత్తర్వు నా సర్వీసులో చూడలేదు. "ఈ కేంద్రపు విమానము తన ముందున్న గాలిని ఎట్టి అనుమతియూ లేకుండ వెనుకకు తోయుచున్నట్లు గమనింపబడినది. ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఇకపై గాలిని వెనుకకు తోయరాదు. వెనుకకు తోయకుండగనే విమానమును ముందుకు నడుపవలెను. ఈ కారణముగా శిక్షణకు ఎట్టి అంతరాయము కలిగినను సంబంధిత అధికారిపై చర్య తీసుకొనబడును." మిగతా పిల్లలు ఆ నెలలోనే టీసీలు తీసుకుని వేరే రాష్ట్రాల్లో చేరిపోయారు. ప్రభుత్వ సీటు మీద వచ్చిన నాంచారికి అలాంటి వీలు లేదు.

గాలిని తోయకుండా విమానాన్ని నడిపే మార్గం కనిపెట్టడానికి ఒక సాంకేతిక కమిటీ వేశారు. రోడ్లు భవనాల శాఖలో పర్యవేక్షక ఇంజనీరు గోవర్ధనగిరి గారు దానికి అధ్యక్షుడు. ఆయన చాలా అనుభవజ్ఞుడు. వానాకాలంలో కొన్ని రోడ్లు తప్ప ఆయన వేసినదేదీ ఇంతవరకూ కదల్లేదు.

ఆయన విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "సింపుల్. వెనక్కి పోయే గాలిని విమానమే పట్టుకోవాలి," అన్నారు. తోకకి ఇనప చట్రం బిగించి, దానికి లారీల మీద కప్పే పట్టా ఒకటి బిగుతుగా కట్టించారు. నాంచారి ఇంజను వేసింది. ప్రొపెల్లరు తిరిగింది. గాలి వెళ్ళి పట్టాకి కొట్టుకుంది. పట్టా పొట్ట ఉబ్బింది. విమానం వణికిందే తప్ప అక్కణ్నుంచి కదల్లేదు.

"ముందు ప్రొపెల్లరు లాగుతోంది, వెనక పట్టా పట్టుకుని గుంజుతోంది. ఎటు పోతుంది సార్?" అన్నారు కెప్టెన్ గారు.

గోవర్ధనగిరి గారు పట్టా వెనక్కి వెళ్ళి అగ్గిపుల్ల గీశారు. మంట నిలకడగా వెలిగింది. కమిటీ చప్పట్లు కొట్టింది. "పట్టా వెనుక గాలి లేనట్లు నిర్ధారించడమైనది. ఆశయము సంపూర్ణముగా నెరవేరినది. విమానము కదలకపోవుట ఈ కమిటీ పరిధిలోని అంశము కాదు," అని నివేదిక ఇచ్చారు.

కమిషనర్ గారికి నివేదిక నచ్చింది గానీ, శిక్షణ అన్నాక కొంచెమైనా కదలిక ఉండాలి కదా అన్నారు. కమిటీ మళ్ళీ కూర్చుంది. ఈసారి పట్టా విప్పేసి, ప్రొపెల్లరుని ఊడదీసి, ముందువైపు వెనక్కి, వెనకవైపు ముందుకి వచ్చేలా తిరగేసి బిగించమన్నారు. అప్పుడు గాలి ముందుకి పోతుంది, ముందు వేదిక ఉండదు, ఇక గొడవే లేదు అన్నారు. వద్దు సార్ అని కెప్టెన్ గారు చెబుతూనే ఉన్నారు. బిగించారు. వేశారు. గాలి నీరసంగానైనా మళ్ళీ వెనక్కే వచ్చింది. గోవర్ధనగిరి గారి టోపీ అందులో పోయింది.

"నట్టుని తిరగేసి బిగించినా మర అదే వైపు పోతుంది కదా సార్. ఇదీ అంతే. తిరగేసినంత మాత్రాన మెలి మారదు," అన్నారు కెప్టెన్ గారు.

"మారదంటే? కమిటీ తీర్మానం చేశాక కూడానా?" అన్నారు గోవర్ధనగిరి గారు.

ప్రొపెల్లరు ఉత్తర్వుల్ని ధిక్కరించిందని రాశారు. నియమం ప్రకారం దానికి సంజాయిషీ నోటీసు ఇచ్చాం. అంటే విమానం ముక్కుకి అంటించాం. గడువులోగా జవాబు రాలేదు. ఇక చేసేదేముంది, సస్పెండ్ చేశాం. దాన్ని ఊడదీసి తెచ్చి నా గదిలో బీరువా పక్కన గోడకి ఆనించారు. సస్పెన్షన్ కాలంలో హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళరాదన్న షరతు ఉంది కనక గొలుసు వేసి తాళం పెట్టారు. తాళంచెవి నా దగ్గరే ఉండేది.

నాంచారి సాయంకాలాలు నా గదికి వచ్చి గుడ్డముక్కతో దాన్ని తుడిచి వెళ్తుండేది. ఇంకా పసుపు మరకలు ఉన్నాయి దానిమీద. నేను ఫైళ్ళు చూసుకుంటున్నట్టు తల వంచుకునేవాణ్ని.

విమానానికి ప్రొపెల్లరు లేదు. శిక్షణకి అంతరాయం కలగకూడదు. రెండు ఉత్తర్వుల్నీ ఒకేసారి పాటించే మార్గం ఇంకొకటే ఉంది. మేమే తోశాం.

గుమాస్తాలం, అటెండర్లం, తోటమాలి, వాచ్‌మనూ రోజూ పొద్దున హాజరు పట్టీలో సంతకాలు పెట్టి రన్‌వే మీదికి వెళ్ళేవాళ్ళం. నాంచారి బెల్టు పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని లోపల కూర్చునేది. మేం రెక్కల కింద భుజాలు ఆనించి తోసేవాళ్ళం. రైతులు కాయలు పక్కకి జరిపి దారి ఇచ్చేవారు. "ఏందయ్యా, బ్యాటరీ దిగిందా?" అని ఒక ముసలాయన రోజూ అడిగేవాడు. అలా తోసిన సమయాన్నంతా ఆమె విమానం నడిపిన సమయం కింద జమ కట్టమని పైనుంచి మాట వచ్చింది. కెప్టెన్ గారు దానిమీద సంతకం పెట్టనన్నారు. ఆయన సంతకం అవసరం లేకుండా ఇంకో ఉత్తర్వు వచ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. తోసేవాళ్ళు కాళ్ళతో నేలని వెనక్కి తంతున్నారని రెవెన్యూ శాఖ కనిపెట్టింది. విమానం ముందుకి పోవడానికి గాలి వెనక్కి పోవలసి వచ్చినప్పుడు, మనుషులు ముందుకి పోవడానికి నేల మాత్రం వెనక్కి పోదా అని తహసీల్దారు గారు రాశారు. రన్‌వే అలా రోజూ వెనక్కి జరిగితే పక్క సర్వే నంబరులోని పట్టా భూమిలోకి చొరబడదా? సర్వేయరు గొలుసుతో వచ్చి హద్దురాళ్ళు కొలిచాడు. "ప్రస్తుతానికి జరిగినట్టు కనపడలేదు. నిఘా అవసరం," అని రాసి వెళ్ళాడు. అప్పటినుంచి చెప్పులు విడిచి, నేలకి నొప్పి కలక్కుండా మెల్లగా తోయమన్నారు. మార్చి ఎండలో సిమెంటు మీద వట్టికాళ్ళతో తోశాం. అయినా ఎవరం సెలవు పెట్టలేదు. ఆ పిల్లకేసి చూస్తే పెట్టబుద్ధి కాలేదు.

ఒకరోజు తుడవడానికి వచ్చి, తుడవకుండా ప్రొపెల్లరు పక్కనే కింద కూర్చుంది నాంచారి.

"పానకాలరావు గారూ, నెలాఖరు వచ్చేత్తందండి. మా అమ్మ రేవులో అందరికీ చెప్పేసింది, మా నాంచారి పైన పోతా ఉంటది, చెయ్యి ఊపండే అని. పడవల మీదనుంచి పైకి చూత్తా ఉంటారండి వాళ్ళు."

"కాగితం వస్తుంది కదమ్మా. శిక్షణ పూర్తయిందని కమిషనర్ గారే స్వయంగా ఇస్తారట," అన్నాను.

"కాయితం ఎగరదు కదండీ. రేపు నన్ను నమ్మి జనం ఎక్కుతారు. ఆళ్ళని కూడా మీరే తోత్తారా?"

కాగితాలు ఎగరడం నేను చూశాను, కమిషనర్ గారి ఉపన్యాసం నా కళ్ళముందే ఎగిరింది. కానీ ఆ మాట అనలేకపోయాను. నాకు సిగ్గేసింది.

సర్టిఫికెట్ల పండగ మార్చి ఆఖరి వారంలో పెట్టారు. ఈసారి రాజధాని నుంచి కార్యదర్శి గారు కూడా వస్తున్నారు. కొత్త మనిషి. వేదిక తూర్పుముఖంగానే వేశారు, విమానం ముక్కు కూడా తూర్పుకే. తోక బాగా కనపడాలని ఒకడుగు దగ్గరికి జరిపారు కూడా. తోకకి మిగిలిన ఇనప చట్రం ఫొటోలో అసహ్యంగా ఉంటుందని తీసేశారు. ప్రొపెల్లరు లేని విమానం ముక్కు కోసినట్టుందని, దాన్ని ఉత్సవం నిమిత్తం తాత్కాలికంగా విధుల్లోకి తీసుకున్నాం. కెప్టెన్ గారు దాన్ని తిన్నగా, ఉండవలసిన విధంగా బిగింపించారు. ప్రతి బోల్టూ ఆయనే చూసుకున్నారు. ఇంజను కూడా విప్పి చూసుకుని, ఒకరోజంతా దానితోనే ఉన్నారు. ఫొటోకి ఇంత ఎందుకని నేను అడగలేదు. తివాచీ వేయడానికి పాత కాంట్రాక్టరే వచ్చాడు. అతని పద్ధతి అతను మార్చుకోలేదు.

"గాలికి వెంట్రుకవాసి ఇబ్బంది కూడా కలిగించకుండా వైమానిక శిక్షణ పూర్తిచేసిన తొట్టతొలి కేంద్రం మనది!" అన్నారు కమిషనర్ గారు మైకులో. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించారు. నాంచారి దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, మైకు దగ్గరికి వెళ్ళింది.

"అందరికీ దండాలండి. మా ఇళ్ళల్లో పడవ కొత్తగా నీళ్ళలోకి దించితే ముందుగాల పెద్దాయన్ని ఎక్కించుకుని ఓ తిప్పు తిప్పుకొత్తారండి. ఆయన పాదం పడ్డాకే ఎవురన్నా ఎక్కేది. నన్ను పైలట్‌ని చేసింది కమిషనర్ సారే. అందుకని నా ఇమానంలో మొదట సారే ఎక్కాలండి. రండి సార్. సముద్రం మీదుగా పోయొద్దాం."

ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. కెమెరాలు లేచాయి. కార్యదర్శి గారు ముచ్చటపడిపోయి, "ఎక్కండి చక్రధరం గారూ! ఎంత మంచి ఆచారం!" అన్నారు.

కమిషనర్ గారి మొహంలో రక్తం లేదు. "అంటే సార్, ఇవాళ మంగళవారం..." అన్నారు.

"బుధవారమండి," అన్నాడు సిద్ధాంతి వెనకనుంచి. పాపం, ఆయన ఎప్పుడూ వారం తప్పు చెప్పడు.

"ప్రొపెల్లరు సస్పెన్షన్లో ఉంది సార్."

"బిగించి ఉందిగా?"

"గాలి వెనక్కి పోతుంది సార్!"

"పోతే ఏమైంది?" అన్నారు కార్యదర్శి గారు. ఆయనకి మా ఉత్తర్వు సంగతి తెలియదు.

నాంచారి అప్పటికే వేదిక దిగి, విమానం తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. కెప్టెన్ గారు రెక్క పక్కన చేతులు కట్టుకుని ఆకాశంకేసి చూస్తున్నారు. కార్యదర్శి గారు కమిషనర్ గారి భుజం మీద చెయ్యేసి వేదిక మెట్లదాకా నడిపించారు. మొదటి మెట్టు దిగగానే కమిషనర్ గారు గిరుక్కున వెనక్కి తిరిగారు.

"ఎక్కను సార్! ఆ పిల్ల ఒక్కసారి కూడా ఒంటరిగా ఎగరలేదు సార్! మావాళ్ళు తోశారంతే సార్!"

ఉపన్యాసం కోసం జేబుకి తగిలించుకున్న చిన్న మైకు తియ్యడం ఆయన మరిచిపోయారు. ఆ మాట రన్‌వే చివరదాకా వినపడింది.

నాంచారి నడిచి వచ్చి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్‌ని బల్లమీద పెట్టింది. "సారు నిజమే చెప్పారండి. ఇది నాది కాదు. నన్ను ఎగరనీండి, అప్పుడు తీసుకుంటాను," అంది.

కార్యదర్శి గారు కుర్చీలో కూర్చున్నారు. "ఎగరడానికి అడ్డేమిటి?" అని అడిగారు. నేను ఉత్తర్వు అందించాను. చదివారు. మళ్ళీ చదివారు. "దీన్ని ఇప్పుడే రద్దు చెయ్యండి," అన్నారు.

కమిషనర్ గారు జేబుకున్న మైకు పీకేసి నన్ను పక్కకి లాగారు. "రద్దు చేస్తే తప్పు చేశామని ఒప్పుకున్నట్టు కాదటయ్యా పానకాలరావూ? ఏదైనా దారి చూడు."

ఇన్నేళ్ళ సర్వీసూ నేను ఆ ఒక్క నిమిషం కోసమే చేశానేమో. "రద్దు అక్కర్లేదు సార్. ఉత్తర్వు తోయరాదన్నది. మనం గాలిని తోయం. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా విమానం ముందునుంచి వెనక్కి బదిలీ చేస్తాం," అన్నాను.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "బదిలీయా! బదిలీకి గాలి ఒప్పుకోనక్కర్లేదు కదా?"

"ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు సార్."

"అంటే ఒకళ్ళని వెనక్కి బదిలీ చేస్తే, ఇంకొకళ్ళు ముందుకి పోతారు. ఇదేనా ప్రొపెల్లరు చేసేది? ఈ ముక్క ఆ కెప్టెన్ మొదట్లోనే చెబితే నాకు అర్థమయ్యేది కదయ్యా!" అని అక్కడికక్కడే సంతకం పెట్టారు.

ప్రొపెల్లరుని గౌరవంగా, పూర్తి సర్వీసుతో విధుల్లోకి తీసుకున్నాం. విమానాన్ని పక్కకి తిప్పుదామా అని కెప్టెన్ గారు అడగలేదు. ఆయన అడగవలసింది ఒకసారి అడిగేశారు. నాంచారి పక్కన కూర్చుని తలుపు వేసుకున్నారు. ఇన్నాళ్ళ తర్వాత కనక ముందు తానూ వెళ్ళి ఒక చుట్టు చూసి, తర్వాత దిగి ఆమెని ఒక్కదాన్ని పంపుతానన్నారు.

ప్రొపెల్లరు తడబడి, తిరిగి, కనపడకుండా పోయింది. తివాచీ కొస లేచింది. పెద్దలందరికీ అప్పుడు జ్ఞాపకం వచ్చింది గానీ, అప్పటికే గాలితోపాటు మిరపగింజలు కూడా వెనక్కి బదిలీ అయి వేదిక మీద చేరిపోయాయి. గోవర్ధనగిరి గారు బల్ల కిందికి దూరారు. కార్యదర్శి గారు సిద్ధాంతి ఉత్తరీయంలో మొహం దాచుకున్నారు. విమానం మాత్రం ఎవరూ తోయకుండానే కదిలి, రన్‌వే మీదికి తిరిగి, పరుగందుకుని లేచింది. చుట్టు తిరిగొచ్చి దిగింది. కెప్టెన్ గారు దిగి తలుపు మూసి, దానిమీద రెండుసార్లు తట్టి పక్కకి వచ్చేశారు.

నాంచారి ఒక్కతే వెళ్ళింది. రైతులు కాయల మధ్య నిలబడి నోళ్ళు తెరుచుకుని చూశారు. విమానం సముద్రం వైపు తిరిగి, రేవు మీదుగా పోయింది. అక్కడ పడవల మీద వాళ్ళు చేతులు ఊపే ఉంటారు. ఆ వారమంతా ఆమె నేలమీద ఉన్నది తక్కువ. నెలాఖరున పరీక్షాధికారి వచ్చి, చూసి, పాసు చేసి వెళ్ళాడు.

సర్టిఫికెట్ల పండగ మర్నాటి పేపర్లో మళ్ళీ ఫొటో వచ్చింది. వేదిక మీద పెద్దలందరూ వరసగా ఏడుస్తున్నారు. "కార్యదర్శి సహా అందరి కళ్ళలో ఆనందబాష్పాలు" అని రాశారు. ఫొటోలో ఒక మూలన, విమానానికి ముందువైపు, నేనూ ఉన్నాను. నేనూ కళ్ళు తుడుచుకుంటున్నాను. పానకాలరావు గారిక్కూడా కారం తగిలినట్టుందే అని ఆఫీసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. విమానానికి ముందువైపు ఉన్నవాడికి కారం తగలదు.